అతుకు పక్కనే ఎందుకు కారుతుంది? – అల్యూమినియం సామాను, దాని తుప్పు, రాపిడి వెల్డింగు



ఈ వేళ పైరు గురించి గాక ఒక లోహం గురించి మాట్లాడదలచాను. వ్యవసాయం చెప్పేవాడికి లోహంతో పనేమిటని మీరు అడగవచ్చు. మీ పాలక్యాను అల్యూమినియం. వెనుక కొన్న స్ప్రింక్లరు గొట్టాలు చాలామందివి అల్యూమినియం. స్తంభం నుంచి మోటారు గదికి వచ్చే సర్వీసు తీగ అల్యూమినియం. ఇంట్లో సంగటి వండే గిన్నె కూడా తరచు అదే. ఇనుముకు తుప్పు పడితే ఎర్రగా కనబడుతుంది, రాలుతుంది, ముందే హెచ్చరిస్తుంది. అల్యూమినియం అలాంటిది కాదు. పైకి తెల్లగా మెరుస్తూనే వుంటుంది, ఒకనాటి పొద్దున చూస్తే చిల్లు.

ఈ విషయం నా తలలోకి ఎక్కించినది సోమందేపల్లెలో ఒక పెద్దాయన. హైవే పక్కన వెల్డింగు షాపు ముందు 40 లీటర్ల పాలక్యాను పెట్టుకొని కూర్చొని వున్నాడు. నన్ను చూసి పిలిచాడు.

“సార్, మీరు చదువుకున్నోళ్లు, చెప్పండి. ఈ క్యానును మూడు తూర్లు అతికించినా. అతికిన కాడ గట్టిగానే ఉంటాది. దాని పక్కన మళ్లా కారుతాది. అతుకు కాడ కాదు సార్, అతుకు పక్కన! అదేంది?”

అడుగున, చుట్టు అతుక్కు ఒక వేలెడు దూరంలో సూదిమొనంత చిల్లు. చుట్టూ తెల్లటి పొడి. ఆ సందులో నిలిచిన పాలు పులిసి, మిగిలిన పాలను కూడా పాడుచేశాయట. రెండు పూటలు కేంద్రం నుంచి పాలు వెనక్కి వచ్చాయి. చెనక్కాయ పండని సంవత్సరంలో రెండు ఆవుల పాలే ఆ ఇంటికి ఆధారం. రెండు పూటల పాలంటే మీకు నేను చెప్పనక్కరలేదు.

నేను చదివినది వ్యవసాయ డిప్లొమా. ఆ పూట ఆయనకు సరియైన జవాబు చెప్పలేకపోయాను. తరువాత వెల్డింగు తెలిసినవారిని అడిగి, పుస్తకాలు చూసి తెలుసుకొన్నదే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను.

ముందు ఈ లోహం స్వభావం చూద్దాం. భూమి పైపొరలో దొరికే లోహాలన్నిటిలో అల్యూమినియమే ఎక్కువ, బరువులో సుమారు 8 పాళ్లు. మన కాళ్ల కింది ఎర్రమట్టిలో కూడా వున్నది. కాని మట్టి నుంచి దాన్ని విడదీయడం కష్టం. 1884లో అమెరికావారు వాషింగ్టన్ స్మారక స్తంభం కొనమీద అల్యూమినియం తొడుగును అపురూపమైన వస్తువుగా పెట్టారు. మరి రెండేండ్లకే, 1886లో, కరెంటుతో దాన్ని చవకగా తీసే పద్ధతిని అమెరికాలో హాల్, ఫ్రాన్సులో ఎరూ ఎవరికివారే కనుగొన్నారు. అంత అపురూపమైన లోహం ఆ తరువాత వంటగిన్నె దాకా దిగివచ్చింది. ఇనుముతో పోలిస్తే దీని బరువు మూడోవంతు. క్యానును సైకిలుకు కట్టి తీసుకుపోయిన ప్రతివాడికీ ఆ లాభం తెలుసు.

అల్యూమినియానికి గాలి అంటే మహా ఆత్రం. కొత్తగా గీకిన చోట క్షణంలో గాలిలోని ప్రాణవాయువుతో కలిసి సన్నని పొర కట్టుకొంటుంది. ఎంత సన్నం? ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో మూడు నాలుగు భాగాలంత. ఆ పొరే దానికి చొక్కా, అదే గొడుగు. పొర వున్నంతకాలం లోపలి లోహానికి తుప్పు లేదు. గీరుకొంటే మళ్లీ తనే కట్టుకొంటుంది. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలి కింది ఇనుమును బయటపెడుతుంది. అల్యూమినియం పొర మాత్రం గట్టిగా అంటుకొని వుంటుంది.

అయితే ఆ చొక్కాకు ముగ్గురు శత్రువులున్నారు. మొదటిది మరీ పులుపు, మరీ క్షారం. మీ నేల పరీక్ష చీటీలో పీహెచ్ అని రాసి వుంటుంది గదా, ఆ లెక్కలో సుమారు 4 నుంచి 8.5 దాకా ఈ పొర నిలుస్తుంది. చింతపండు పులుసు 4కు కింద. సున్నపు నీరు 12కు పైన. రెండూ పొరను కరిగిస్తాయి. రెండవది ఉప్పు. మన బోర్లలో చాలావాటి నీరు ఉప్పన, దానిలోని క్లోరైడు పొరలో ఎక్కడో ఒక బలహీనమైన చుక్కను పట్టుకొని అక్కడే తవ్వుతుంది. ఆవు మేసిన చోటే మేసినట్టు, తవ్విన చోటే తవ్వి గుంట చేస్తుంది. అందుకే అల్యూమినియం ఒళ్లంతా అరగదు, ఒకచోట చిల్లు పడుతుంది. మూడవ శత్రువు రాగి. దీన్ని గురించి కాస్త నిలిచి మాట్లాడుకొందాం, ఎందుకంటే పెద్దాయన ప్రశ్నకు దారి ఇక్కడినుంచే పోతుంది.

చీనీ తోటలున్నవారికి బోర్డో మిశ్రమం కొత్తకాదు. 1 కిలో మైలుతుత్తం, 1 కిలో సున్నం, 100 లీటర్ల నీరు. కలిపిన తరువాత కొడవలి మొన అందులో ముంచి చూస్తారు. మొనమీద ఎర్రటి పూత అంటితే ఇంకా సున్నం కావాలని గుర్తు. ఆ ఎర్రటి పూత ఏమిటి? రాగే. మైలుతుత్తంలోని రాగి బయటికి వచ్చి కొడవలికి అంటుకొన్నది, దానికి బదులు కొడవలిలోని ఇనుము కొంత నీటిలోకి దిగిపోయింది. రాగి కూర్చొన్నది, ఇనుము లేచిపోయింది. లోహాలలో పెద్ద చిన్న వరుస వుంది. రాగి ఎదుట ఇనుము నిలవలేదు. అల్యూమినియం అసలే నిలవలేదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చీనీ తోటలో బోర్డో పేస్టు చేయించాను. మైలుతుత్తం కరగబెట్టడానికి ఏదైనా ఒక గిన్నె తెమ్మన్నాను. ఆ ఇంటి అమ్మ అల్యూమినియం తపేలా ఇచ్చింది. నీరు బోరుది, ఉప్పన. కాసేపటికి నీళ్లలో బుడగలు, గిన్నె లోపల ఎర్రగా నల్లగా నురుగులాంటి పూత. నీలం రంగు పాలిపోయింది. కడిగి చూస్తే గిన్నె జల్లెడ కాబోతున్నది. “వంటగిన్నె పోయె, మందూ పోయె, మీ సలహా బాగుండాది సార్” అన్నది ఆమె. కొత్త తపేలా కొనిచ్చాను గాని ఆ మాట మాత్రం ఇంకా నాతోనే వుంది. తప్పు పూర్తిగా నాదే. మైలుతుత్తం ప్లాస్టిక్ బకెట్టులోనో మట్టికుండలోనో కరగబెట్టాలి. సున్నం కూడా అంతే. ఈ రెండింటినీ అల్యూమినియం దరికి చేరనీయకూడదు. బోర్డో మిశ్రమం కొట్టిన స్ప్రేయరులో అల్యూమినియం భాగాలుంటే ఆ సాయంత్రమే మంచినీటితో రెండు మూడుసార్లు కడగండి.

ఇప్పుడు మిశ్రమలోహాల సంగతి. వట్టి అల్యూమినియం మెత్తన. వంటగిన్నెకు చాలుతుంది గాని బరువు మోసే పనికి చాలదు. కాబట్టి అందులో చిటికెడు వేరే లోహం కలుపుతారు. మాంగనీసు కలిపితే గిన్నెలకు, రేకులకు పనికివస్తుంది. మెగ్నీషియం కలిపితే పడవలకు. మెగ్నీషియం, సిలికాన్ రెండూ కలిపితే కిటికీ చట్రాలకు, గొట్టాలకు. రాగి గాని, జింకుతో మెగ్నీషియం గాని కలిపి తగిన వేడి ఇస్తే ఉక్కుతో పోటీపడే గట్టిదనం వస్తుంది. విమానాలకు, రాకెట్లకు వాడేది ఈ రకం. రాగి కలిపిన అల్యూమినియం కొన్నాళ్లు వూరికే వుంచితే తనంతట తనే గట్టిపడుతుందని జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ 1906లో కనిపెట్టాడు. ఆ గట్టిదనానికి కారణం లోపల లెక్కలేనన్ని సన్నని రేణువులు ఏర్పడి, మజ్జిగలో ఆవపోపు గింజల్లా అంతటా సమంగా చెదిరి వుండడమే.

గమనించండి. బలం కోసం మనమే శత్రువును ఇంట్లోకి తెచ్చుకొన్నాం. రాగి బయటినుంచి వచ్చినా, లోపలే వున్నా దాని గుణం మారదు. రేణువులు మరీ సన్నగా, సమంగా వున్నంతవరకు ఫరవాలేదు. అవి ఒకచోట గుమిగూడితే మాత్రం ప్రతి గుంపు పక్కనా ఒక చిన్న బోర్డో గిన్నె తయారైనట్టే. తేమ, ఉప్పు తగిలితే గుంపు పక్కనున్న అల్యూమినియం కరిగి గుంట పడుతుంది.

గుమిగూడేటట్లు చేసేది ఏది? వేడి. వేడి ఎక్కడ తగులుతుంది? అతుకు దగ్గర.

మామూలు వెల్డింగులో రెండు అంచులనూ కరిగించి, కడ్డీ కరిగించి పోసి, చల్లారనిస్తారు. ఇనుముకు ఇది సులభం. అల్యూమినియానికి మహా చిక్కు. లోపలి లోహం 660 డిగ్రీల దగ్గర కరుగుతుంది. పైనున్న ఆ సన్నని పొర 2000 డిగ్రీలు దాటితేగాని కరగదు. లోపల నీరైపోయినా పై సంచి చిరగదన్నమాట. ఇనుము వేడెక్కితే ఎర్రబడి చెబుతుంది, ఇది రంగు మారకుండానే ఒక్కసారి జారి కూలిపోతుంది. వేడిని చుట్టూ పాకిస్తుంది కూడా. కరిగినప్పుడు తేమలోని ఉదజని వాయువును పీల్చుకొని, గట్టిపడేటప్పుడు విడిచి, వడలో మాదిరి సందులు వదులుతుంది. ఆర్గాన్ వెల్డింగులో కరెంటు మంట పొరను చీలుస్తుంది, ఆర్గాన్ వాయువు గాలిని దూరంగా పెడుతుంది గనుక అది మేలు. గ్యాసు వెల్డింగులో పొరను కరిగించడానికి ఒక ఉప్పుపొడి వేస్తారు. ఫ్లక్సు అంటారు. పని ముగిశాక ఆ పొడి మిగిలిపోతే అదే తేమను పీల్చి అల్యూమినియాన్ని తినేస్తుంది.

పెద్దాయన క్యాను కథ ఇదే. మూడుసార్లూ గ్యాసుతో అతికారు. పాలక్యాను రాగి కలిపిన రకం కాదు. దాని జబ్బులు వేరు. ప్రతిసారీ వేడికి అతుకు పక్కనున్న రేకు మెత్తబడింది. పోసిన కడ్డీ లోహం గట్టిగానే వుంది. వాహనం మీద కుదుపులకు మెత్తబడినచోటే నలిగి సన్నగా పగిలింది. కడగని ఫ్లక్సు, పులిసిన పాలు ఆ పగులులో చేరాయి. కాబట్టి ఆయన చూసినది నూటికి నూరు పాళ్లు నిజం. అతుకు పోలేదు, దాని పక్కన పోయింది. మళ్లీ వేడి పెట్టినకొద్దీ మెత్తబడే మేర పెరిగిందే గాని తగ్గలేదు.

అయితే కరిగించకుండా అతకలేమా?

అతకవచ్చు. ఇంగ్లండులో కేంబ్రిడ్జి దగ్గరనున్న వెల్డింగు సంస్థ, టీడబ్ల్యూఐ అంటారు, అక్కడ వేన్ థామస్ అనే ఆయన, తోటివారు కలిసి 1991లో ఒక ఉపాయం కనిపెట్టారు. దాని పేరు ఫ్రిక్షన్ స్టిర్ వెల్డింగు. రాపిడి పుట్టించి, కెలికి అతకడం. పేరు పెద్దదేగాని పని మన వంటింట్లో రోజూ జరిగేదే.

సంగటి ఎలా చేస్తారు? ఎసట్లో బియ్యం ఉడికిన తరువాత రాగిపిండి పోసి, కాసేపు మగ్గనిచ్చి, గిన్నె కదలకుండా పట్టుకొని, కట్టెతో గట్టిగా కెలుకుతారు. పిండి, మెతుకు రెండూ నీళ్లైపోవు. నీళ్లైతే అది అంబలి. మెత్తబడి, ఒకదానిలో ఒకటి చుట్టుకొని, ఒకే ముద్ద అవుతుంది. తరువాత విడదీద్దామన్నా విడదు.

ఈ వెల్డింగులోనూ అంతే. రెండు రేకుల అంచులు ఆనించి, కింద గట్టి పలక పెట్టి, ఇసుమంత కూడా కదలకుండా బిగిస్తారు. గట్టి ఉక్కుతో చేసిన ఒక కడ్డీ వుంటుంది. దాని కొనకు చిన్న మేకులాంటి మొన, మొనపైన వెడల్పాటి భుజం. కడ్డీ నిమిషానికి కొన్ని వందల చుట్లు, ఒక్కోసారి వెయ్యికి పైగా, తిరుగుతూ అతుకు గీతలోకి దిగుతుంది. భుజం రేకులను ఒరుసుకొంటుంది. ఆ రాపిడికి వేడి పుడుతుంది. చలికాలం అరచేతులు రుద్దుకొంటే పుట్టే వేడి, యజ్ఞంలో అరణి చిలికితే పుట్టే నిప్పు, ఈ వేడి అన్నీ ఒకటే జాతి. అల్యూమినియం 400, 500 డిగ్రీల దాకా వేడెక్కి మైనంలా మెత్తబడుతుంది. కరగదు. మొన దాన్ని ముందునుంచి వెనక్కి కెలుకుతూ గీత వెంట సాగిపోతుంది. వెనుక ఒకే లోహం మిగులుతుంది.

కడ్డీ పోయడం లేదు. ఫ్లక్సు లేదు. అల్యూమినియానికైతే వాయువు కూడా అక్కరలేదు. నిప్పురవ్వలు, పొగ, కళ్లు మండడం లేవు. కరగలేదు గనుక వాయువు పీల్చి సందులు పడే బాధ లేదు. రాగి, జింకు కలిసిన గట్టి రకాలు మామూలు వెల్డింగులో చాలావరకు పగులుతాయి. ఇందులో అవి కూడా అతుకుతాయి. అదీ దీని గొప్ప.

లోపాలూ లేకపోలేదు. సంగటి సరిగా కెలకకపోతే ఉండ కడుతుంది. ఇక్కడ కూడా వేడి చాలకపోయినా, వేగం తప్పినా, అతుకు లోపల ఎలుక బొరియలాంటి సొరంగం మిగులుతుంది, పైకి కనబడదు. అడుగున రెండు అంచులు ఒకదానికొకటి తగిలి వుండి అతుక్కోకుండా వుండవచ్చు. అది మరీ మోసం. చివర మొన పైకి తీస్తే సంగటిలోంచి కట్టె తీసినట్టు గుంట మిగులుతుంది. పైగా ఒత్తిడి టన్నుల లెక్కలో కావాలి, బిగింపు గట్టిగా కావాలి. కనుక గుండ్రటి పాలక్యాను చిల్లు పూడ్చడానికి సోమందేపల్లె షాపులో ఈ పని కుదరదు. తిన్నని పలకలకైతే మిల్లింగు మిషను మీదనే చేయవచ్చు. అనేక ఇంజనీరింగు కాలేజీల్లో పిల్లలు అలాగే చేసి నేర్చుకొంటున్నారు.

మరి తుప్పు మాటేమిటి? ఈ పద్ధతి వచ్చిన కొత్తలో, కరగనేలేదు గనుక తుప్పు బెడద కూడా తీరిందని అనుకోవచ్చుననిపిస్తుంది. అది సగమే నిజం. కెలికిన మధ్యభాగంలో లోహపు గింజలు నలిగి చాలా సన్నగా, సమంగా అవుతాయి. అక్కడ గట్టిదనం బాగానే వుంటుంది. దానికి రెండుపక్కలా, కెలకబడకుండా వేడి మాత్రం తగిలిన పట్టీ ఒకటి వుంటుంది. ఆ వేడికి సన్నని రేణువులు కలిసి లావవుతాయి, గింజల సరిహద్దుల వెంట గట్లు కట్టినట్టు చేరుతాయి. చేరినచోట లోహం మెత్తబడుతుంది. రాగి, జింకు రకాలలో తుప్పు కూడా తరచు ఆ పట్టీలోనో దాని అంచునో మొదలవుతుంది. మెగ్నీషియం, సిలికాన్ కలిసిన గొట్టాల రకంలో ఈ బాధ తక్కువ.

చూశారా? మూడు తూర్లు అతికించిన పెద్దాయన కంటితో చూసి చెప్పినదీ, ప్రయోగశాలల వారు సూక్ష్మదర్శినితో చూసి చెప్పినదీ ఒకటే మాట. అతుకు పక్కన చూడండి.

దీన్ని సరిచేసే మార్గాలు వెదికినవారిలో మనవారు కూడా వున్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం, హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల – డీఎంఆర్ఎల్ అంటారు – శాస్త్రజ్ఞులు కలిసి 7075 అనే జింకు మిశ్రమాన్ని ఈ పద్ధతిలో అతికి, దానికి గుంట తుప్పు ఎలా పడుతుందో పరీక్షించి 2015లో ప్రచురించారు. కవచాలకు వాడే గట్టి రకం అది. అతికిన తరువాత పద్ధతి ప్రకారం మళ్లీ వేడి చేసి చల్లార్చితే లోపలి రేణువుల అమరిక మారి, గుంట తుప్పును తట్టుకొనే శక్తి పెరుగుతుందని వారు చూపారు. కెలికేటప్పుడే బోరాన్ కార్బైడు అనే మహా గట్టి పొడిని కలిపి కూడా చూశారు. సంగటిలో ఉప్పు కలిపినట్టే సుమా!

ఈ అతుకు ఎక్కడెక్కడ వాడుతున్నారు? 1990లలో స్కాండినేవియాలో చేపల పడవల శీతల పెట్టెల పలకలకు, ఓడల పలకలకు మొదలయింది. అమెరికాలో డెల్టా రాకెట్ల ట్యాంకులకు ఆ దశకం చివరనుంచి, జపానులో రైలుపెట్టెలకు అదే కాలంనుంచి వాడారు. ఇప్పుడు కరెంటు కార్ల బ్యాటరీ పెట్టెలకు, వాటిని చల్లబరిచే పలకలకు బాగా వాడుతున్నారు. శ్రీహరికోటనుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకుపోయిన ఎల్‌వీఎం3 రాకెట్టులో ద్రవ ఇంధనపు ట్యాంకులు 2219 అనే మిశ్రమంతో చేసినవి. అందులో రాగి ఇంచుమించు 6 పాళ్లు. రాగి వున్నా వెల్డింగుకు లొంగే రకమది. మన పక్కనే ఎర్రమంచి దగ్గర 2019లో కార్ల ఫ్యాక్టరీ మొదలయినప్పటినుంచి మన మండలాల పిల్లలు యంత్రాల పనిలోకి పోతున్నారు. మీ ఇంట్లో ఐటీఐగాని, అనంతపురం జేఎన్‌టీయూలో మెకానికల్‌గాని చదివేవారుంటే ఈ పేరు వారితో ఒకసారి అనండి. నాకంటె బాగా చెబుతారు.

రాకెట్టు సంగతి అలా వుంచి, ఈ రాపిడి అతుక్కు అన్నగారి వరుసైనది ఒకటి చిన్న సామానుగా మీ మోటారు గదిలోకే రాగలదు. దాన్ని గురించి తప్పక చెప్పాలి.

సర్వీసు తీగ అల్యూమినియం. స్టార్టరులోని కొనలు రాగివో ఇత్తడివో. రెండింటినీ మెలిపెట్టి టేపు చుడతాం. తొలకరి తేమ తగలగానే కొడవలిమొన కథ అక్కడ మొదలవుతుంది. అల్యూమినియం తినుకుపోయి తెల్లపొడి అవుతుంది. ఆ పొడిలో కరెంటు సరిగా పోదు. అతుకు వేడెక్కుతుంది, వదులవుతుంది, ఇంకా వేడెక్కుతుంది. చివరకు మూడు ఫేజులలో ఒకటి తెగి, మోటారు రెండింటిమీదే గునుస్తూ తిరిగి కాలిపోతుంది. మోటారు కాలిందంటే బోరునుంచి పైకి తీయడం, చుట్టించడం, మళ్లీ దింపడం. ఈలోగా పైరు వాడుతుంది. కారణం మాత్రం వేలెడంత అతుకు.

దీనికి బైమెటల్ లగ్గు అని కరెంటు సామాను కొట్లలో దొరుకుతుంది. ఒకపక్క అల్యూమినియం, ఒకపక్క రాగి. రెండింటినీ ఫ్యాక్టరీలో ఒకదానిమీద ఒకటి గిరగిర తిప్పి, నొక్కి, రాపిడి వేడితోనే అతికి వుంటారు. తిప్పి అతికే ఈ పద్ధతిని 1950లలో సోవియట్ రష్యాలో పనికి తెచ్చారు. తేమ దూరడానికి సందు లేదు గనుక ఆ రెంటి మధ్య తగవు రాదు. అల్యూమినియం పక్కకు అల్యూమినియం తీగ, రాగి పక్కకు స్టార్టరు. తీగ కొన బ్రష్షుతో తోమి, కొట్లో అమ్మే కీళ్ల గ్రీజు రాసి, లగ్గును నొక్కే పనిముట్టుతో నొక్కించాలి. సుత్తితో కొట్టి నొక్కవద్దు. ఇదంతా సరఫరా ఆపించి, తెలిసిన మనిషిచేత చేయించండి, మీ అంతట మీరు ముట్టుకోవద్దు.

ఇక మిగిలిన సామాను. స్ప్రింక్లరు గొట్టాలగుండా ఎరువు పంపిస్తే, ముఖ్యంగా మ్యూరేట్ పొటాషు, అది క్లోరైడు ఉప్పే, తరువాత పావుగంట మంచినీరు పారించండి. గొట్టాలను తడినేలమీద పడవేయకుండా రాళ్లమీద వాలుగా పెట్టండి. పచ్చి సిమెంటు కూడా సున్నంలాంటిదే, అందులో అల్యూమినియం పాతవద్దు. ఇనుప బోల్టు పెట్టవలసివస్తే మధ్య రబ్బరు బిళ్ల పెట్టండి. క్యాన్లను కాస్టిక్ సోడాతో కడగవద్దు. అల్యూమినియం క్యాన్లకోసం చేసిన పొడి అని చూసి కొనండి. బూడిద, ఇసుక వేసి రుద్దితే నిగనిగలాడుతుంది నిజమే గాని, బూడిదలో క్షారముంది, ఇసుక గీతలు పెడుతుంది, ఆ గీతల్లో పాలు నిలుస్తాయి. బ్లీచింగు నీరు వాడితే వెంటనే మంచినీటితో తొలచండి. క్యాను ఎప్పుడూ బోర్లించి ఆరనివ్వాలి, మూత వేసి తడితో వుంచకూడదు.

అతికించవలసివస్తే ఆర్గాన్ వెల్డింగు వున్న షాపుకే వెళ్లండి. గ్యాసు తప్పదంటే, అతికిన వెంటనే వేడినీళ్లు పోసి బ్రష్షుతో ఫ్లక్సు పూర్తిగా కడిగేదాకా అక్కడే నిలబడండి. అదేచోట రెండవసారి అతికించి, మూడవసారి కూడా కారితే ఇక దాన్ని పాలకు మానుకోండి.

అతుకు మంచిదో కాదో ఇంటివద్దనే చూసుకోవచ్చు. క్యాను కడిగి, బయట బాగా తుడిచి ఆరబెట్టి, అంచుదాకా నీరు నింపి, పొడి కాగితం మీద రాత్రంతా వుంచండి. పొద్దున కాగితం మీద ఎక్కడ మరక వుందో, సరిగ్గా దానిపైన క్యానును గోటితో తడమండి. పెద్దాయన క్యానుకు ఇలాగే చూశాం. నాలుగు చోట్ల మరకలు, నాలుగూ అతుకు పక్కనే. ఆ క్యానులో ఇప్పుడు ఆయన విత్తనపు కందులు పోసి పెట్టుకొన్నాడు. పాలకు వేరేది కొన్నాడు. కొనేటప్పుడు కొట్టువానిముందే క్యానును తలక్రిందులు చేసి, అతుకు వదిలిపెట్టి దాని పక్కలు తడిమి చూశాడట.